పదిహేడేళ్ళొచ్చినా కారు తాళాలు ముట్టుకోడు, మీ ఇంట్లోనూ ఇంతేనా?

ఫ్రిస్కో_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం. మావాడికి మార్చిలో 17 నిండాయి. హైస్కూలు ఇంకో ఏడాది ఉంది. మంచి పిల్లాడే. మార్కులకి లోటు లేదు, ఎదురు మాట్లాడడు. కానీ డ్రైవింగ్ మాటెత్తితే ఉలకడు, పలకడు. వేసవిలో ఏదైనా చిన్న ఉద్యోగం చూసుకోరా అంటే "చూద్దాం నాన్నా" అంటాడు. వాడి "చూద్దాం"కి "కుదరదు" అని అర్థమని నాకు తెలియడానికి చాలా ఏళ్ళే పట్టింది.

ఇక్కడ టెక్సస్‌లో 15కే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. డ్రైవింగ్ స్కూలు అక్కర్లేదు, తల్లో తండ్రో నేర్పుకోవచ్చు. నేనే సరదాపడి రిజిస్టర్ చేశాను. 24 గంటల పాఠాలు వాడు ఆన్‌లైన్లో పూర్తిచేశాడు, పక్క స్క్రీన్లో ఏదో ఆట నడుస్తుండగా. పర్మిట్ చేతికొచ్చింది. తరవాత నాతో 7 గంటలు నడపాలి, 7 గంటలు కూర్చుని గమనించాలి, అవి కాక ఇంకో 30 గంటల ప్రాక్టీసు, అందులో 10 చీకటిపడ్డాక. ఆ గంటలు రాసుకునే కాగితం మా ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి ఉంది. ఏణ్ణర్ధం దాటింది. నడపాల్సిన 37 గంటల్లో 11 అయ్యాయి. చివరి తారీఖు అక్టోబరుది.

ఉద్యోగం సంగతీ అంతే. మా కాలనీ స్విమ్మింగ్ పూల్‌కి లైఫ్‌గార్డులు కావాలని ఏప్రిల్లో బోర్డు పెట్టారు. వీడు ఆరేళ్ళు స్విమ్ టీమ్‌లో ఉన్నాడు. ఇంటినుంచి నాలుగు నిమిషాల నడక, ఇంకేం కావాలి? దరఖాస్తు కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మే నెలాఖరుకి దాని మీదకి సాస్ మరక వచ్చింది గానీ వాడి పేరు రాలేదు.

స్నేహితులు లేరా అంటే ఉన్నారు. రాత్రి పదకొండింటికి వాడి గది తలుపవతల నుంచి పడీపడీ నవ్వుతున్న చప్పుడు వినిపిస్తుంది. నలుగురూ ఎవరి గదుల్లో వాళ్ళుండి హెడ్‌సెట్లు పెట్టుకుని ఆడతారు. ఆ నలుగురిలో ఒకడిది మా వెనక వీధే. నడిచి వెళ్ళినా మూడు నిమిషాలు పట్టదు.

ఇది మన తెలుగువాళ్ళ గారాబమే అనుకున్నాను కొన్నాళ్ళు. కాదు. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, నా ఈడువాడే, ఓక్లహామాలో పుట్టి పెరిగాడు. పదహారో పుట్టినరోజున లైసెన్సు ఆఫీసు తలుపు తియ్యకముందే వెళ్ళి నిలబడ్డాడట. వేసవంతా ఊళ్ళో వాళ్ళ లాన్లు కోసి కూడబెట్టిన డబ్బుతో పాత పికప్ కొన్నాడట. ఇంట్లోంచి బయటపడాలంటే అదొక్కటే దారి అంటాడు. ఆయన కూతురికి ఇప్పుడు 18. లైసెన్సు లేదు, ఉద్యోగం లేదు, ఆ రెండిటి గురించీ ఆ పిల్లకి చింతా లేదు. మేమిద్దరం లంచ్ టేబుల్ దగ్గర ఈ విషయమే మాట్లాడుకుంటాం.

ఇది బద్ధకమా, భయమా, ఫోనా, మా పెంపకమా? మీకు తోచింది చెప్పండి. తిట్టినా ఫర్వాలేదు. "ఈ కాలం పిల్లలింతే" అని మాత్రం అనకండి. ఆ మాట మా ఇంట్లో రోజూ వింటున్నాను.

ఎడిసన్_అమ్మ

అన్నయ్యగారూ, మీది నయం. మా న్యూజెర్సీలో పర్మిటే 16కి. సొంతంగా నడిపే ప్రొబేషనరీ లైసెన్సు 17కి. పూర్తి లైసెన్సు 18కి. 21 లోపు ప్రొబేషనరీ వాళ్ళయితే నంబర్ ప్లేట్లకి ఎర్ర స్టిక్కర్లు అంటించుకోవాలి. 2006లో ప్రమాదంలో చనిపోయిన ఒక అమ్మాయి పేరు మీద వచ్చిన చట్టం అది, కైలీ చట్టం అంటారు, 2010 నుంచి అమల్లో ఉంది. రాత్రి పదకొండు దాటితే నడపకూడదు. అమ్మో నాన్నో కార్లో లేకపోతే ఒక్కర్నే ఎక్కించుకోవాలి.

మా అమ్మాయికి వచ్చే నెల 17. "లైసెన్సు తీసుకుంటే హాయిగా తిరగొచ్చు కదే" అన్నాను. దాని లెక్క వినండి. "మేం నలుగురం కలిసి వెళ్తేనే సరదా. నేను నడిపితే ఒక్కత్తినే ఎక్కించుకోవాలి. అంటే ఇద్దరికో కారు. నువ్వు దింపితే నలుగురం ఒకే కార్లో వెళ్ళొచ్చు. ఏది మంచిది?" నేనేం చెప్పను? మినీవ్యాన్ తాళాలు తీశాను.

ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేసి పిల్లని చేరిస్తే ఎంతవుతుందని ముందే అడిగాను. ఆరు నెలలకి మేం కట్టేది దాదాపు రెట్టింపు అవుతుందన్నారు. మార్కుల్లో బి సగటు ఉంటే కొంత తగ్గిస్తారట. ఆ తగ్గింపు పోను కూడా గుండె ఝల్లుమంది. ఆ రోజు రాత్రి దానితో "తొందరేముందిలే, నెమ్మదిగా నేర్చుకో" అన్నది నేనే. ఇప్పుడు అది నేర్చుకోవట్లేదని మా వదినతో చెప్పుకుని వాపోయేదీ నేనే.

ఉద్యోగం గురించి ఇంకా సిగ్గుపడే విషయం ఉంది. పోయిన వేసవిలో మా దగ్గర ఒక ట్యూషన్ సెంటర్లో చిన్నపిల్లల లెక్కలు దిద్దే పని దొరికింది. ఇక్కడ కనీస వేతనమే గంటకి 15 డాలర్ల పైన. వెళ్తానంది కూడా. నేనే వద్దన్నాను. కాలేజీ అప్లికేషన్లో ట్యూషన్ సెంటర్ ఏం బాగుంటుందని, ఒక యూనివర్సిటీ వాళ్ళ మూడు వారాల ప్రోగ్రాంలో చేర్చాను. దానికి మేమే మూడు వేలు కట్టాం. డబ్బు తెచ్చే పిల్లని ఆపి, డబ్బు కట్టి పని నేర్పించానన్నమాట. అది గుర్తొచ్చినప్పుడల్లా దాని బద్ధకం గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

వీసా_కాగితాలు

అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది గానీ కొంచెం కడుపు మండుతోంది కూడా, ఏమీ అనుకోవద్దు.

మావాడికి 17. నాలుగేళ్ళప్పుడు వచ్చాడు. నాది హెచ్‌-1బీ, వాడిది దాని మీద ఇంట్లోవాళ్ళకిచ్చే హెచ్‌-4. ఇంటి దగ్గర ఐస్‌క్రీం షాపులో వాడి స్నేహితుడు పనిచేస్తాడు, వీణ్ణి కూడా తీసుకెళ్ళి మేనేజర్‌కి చూపించాడు. మేనేజర్‌కి నచ్చాడు. శనివారం నుంచి రమ్మని కాగితాలు చేతికిచ్చింది. అందులో ఐ-9 ఫారం ఉంది. ఈ దేశంలో పనిచేసే హక్కు నీకెలా ఉందో గళ్ళలో టిక్ పెట్టాలి. వాడు ఆ గళ్ళన్నీ చదివి, ఏదీ తనది కాదని తెలుసుకుని, ఫారం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మాకు రెండు వారాల తరవాత బట్టలు ఉతుకుతుంటే దొరికింది.

హెచ్‌-4 భార్యాభర్తలకి కొందరికి 2015 నుంచి పనిచేసుకునే అనుమతి ఇస్తున్నారు. పిల్లలకి లేదు. వాడు లైబ్రరీలో ఊరికే పుస్తకాలు సర్ది వస్తాడు. లైసెన్సు ఉంది, కానీ మా ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) తారీఖు ఎప్పుడైతే దానిదీ అప్పుడే. ప్రతిసారీ ఆఫీసుకి ఫైలు మోసుకెళ్ళాలి. 21 వస్తే మా వీసా నీడ కూడా వాడికి ఉండదు.

ఆసక్తి ఉన్న పిల్లలు కూడా ఉన్నారని చెప్పడానికే రాశాను.

ఫ్రిస్కో_నాన్న

తమ్ముడూ, ఏమీ అనుకోలేదు. అనుకోవాల్సింది నేనే, నా గురించి. మా గ్రీన్‌కార్డు వచ్చి నాలుగేళ్ళయింది, ఆ ఐ-9 గళ్ళ సంగతే మర్చిపోయాను.

ఆస్టిన్_బ్యాచ్

అంకుల్, నాకు 20. ఆస్టిన్‌లో చదువుతున్నా. తెలుగు నేనే రాశాను, తప్పులు అమ్మ దిద్దింది, దిద్దుతూ చదివింది కూడా. కింద ఆవిడ గురించి ఉన్నదానికి ఆవిడ ఒప్పుకుంది.

నేను లైసెన్సు 18 వచ్చాక తీసుకున్నా. బద్ధకం కాదు, లెక్క. 18 లోపు అయితే ఆ గంటలూ, ఆ కాగితం, ఆర్నెల్లు పర్మిట్ పట్టుకుని ఆగడం. 18 దాటితే ఆరు గంటల కోర్సు, పరీక్ష, అంతే. నా క్లాసులో సగంమంది ఇలాగే ఆగారు. ఆగినవాళ్ళకే దారి సులువుగా ఉంటే ఎవరు ఆగరు?

కానీ అసలు కారణం అది కాదు. అడిగారు కాబట్టి చెప్తున్నా. మా నాన్న నాకు నేర్పేటప్పుడు పక్క సీట్లో కూర్చుని కుడికాలితో లేని బ్రేకు తొక్కేవారు. మాట అనేవారు కాదు. ముందు కారు ఎర్రలైటు వెలగ్గానే ధన్‌మని కాలు కింద పడేది. ఆ వైపు మ్యాట్ మా కార్లో ఇప్పటికీ అరిగిపోయి ఉంటుంది. నేను రోడ్డు చూడటం మానేసి ఆ కాలి చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ణి. నాలుగు ఆదివారాలయ్యాక హోంవర్కుందని చెప్పడం మొదలుపెట్టా.

ఇంకోటి. కారంటే స్వేచ్ఛ అని మీ తరంవాళ్ళంటారు. మీ ఆఫీసు ఆయనకి నిజమే, ఆయన ఇంటి మలుపు తిరగ్గానే ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. నాకు లైసెన్సు వచ్చిన రోజే అమ్మ నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. నేను మ్యాప్‌లో ఒక చుక్కని. ఎంత స్పీడులో వెళ్తున్నానో, బ్రేకు గట్టిగా వేశానో, ఏ షాపు ముందు ఎంతసేపు ఆగానో అన్నీ తెలుస్తాయి. ఒకసారి ట్రాఫిక్‌లో ఆగితే "అక్కడేం చేస్తున్నావ్" అని మెసేజ్. అదే నా గదిలో తలుపేసుకుని హెడ్‌సెట్ పెట్టుకుంటే? ఎవరితో ఉన్నానో, ఏం మాట్లాడుతున్నానో, ఎందుకు నవ్వుతున్నానో ఎవరికీ తెలీదు. అప్పుడు నాకు కారు ఎందుకంకుల్? బయటకెళ్తే మీరు నాతో వస్తున్నట్టు, గదిలో ఉంటేనే నేను బయటకెళ్ళినట్టు.

ఉద్యోగం కూడా వెతికా. పదకొండు చోట్ల అప్లై చేశా, అన్నీ ఆన్‌లైన్లోనే. లోపలికి వెళ్ళి అడిగితే "వెబ్‌సైట్‌లో పెట్టు" అంటారు. వెబ్‌సైట్ అరవై ప్రశ్నలడుగుతుంది, "తోటి ఉద్యోగి ఆలస్యంగా వస్తే నువ్వేం చేస్తావు" లాంటివి. ఒక్కరూ జవాబివ్వలేదు. పన్నెండోది స్నేహితుడి పిన్ని చెప్తే దొరికింది, గిన్నెలు కడగడం. మూడో నెలలో రాత్రి మూసేటప్పుడు షట్టర్ తాళం నాకిచ్చి "రేపు పొద్దున నువ్వే తియ్యి" అన్నాడు మేనేజర్. ఆ రాత్రి తాళం జేబులో ఉందో లేదో ఎన్నిసార్లు చూసుకున్నానో. అది యాప్‌లో కనపడదు.

1986_నుంచి

నేను హ్యూస్టన్‌లో రిటైర్ అయి ఉన్నాను. పిల్లలిద్దరినీ తొంభైల్లో ఇక్కడే పెంచాను. ఈ చర్చలో అంతా ఫోన్ మీదకి నెట్టేస్తారేమోనని భయపడ్డాను, నెట్టలేదు, సంతోషం. ఎందుకంటే ఈ కథ ఫోన్ కంటే పాతది.

16 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో పని చేస్తున్నవాళ్ళూ, వెతుకుతున్నవాళ్ళూ కలిపి 1979లో దాదాపు 58 శాతం. 2000కి 52. ఆ తరవాత పదేళ్ళలో ఒక్కసారిగా 35 దగ్గరకి జారింది. ఐఫోన్ వచ్చింది 2007లో. అప్పటికే జారుడు మొదలై ఏళ్ళయింది. ఆ పదేళ్ళలో రెండు మాంద్యాలొచ్చాయి, పిల్లలు చేసే కౌంటర్ పనులకి పెద్దవాళ్ళు వచ్చి నిలబడ్డారు. మళ్ళీ ఈమధ్య కొంచెం లేచి 37 దాకా వచ్చింది. ఎడిసన్ అమ్మ చెప్పిన వేసవి ప్రోగ్రాం సంగతికి కూడా లెక్క ఉంది. 1985 జూలైలో ఏదో ఒక చదువులో చేరి ఉన్న టీనేజర్లు పదిమందిలో ఒకరు, 2016 జూలైలో నలుగురు. వేసవి సెలవుల్ని మనమే బడిగా మార్చేశాం. ఇక్కడ టెక్సస్‌లో కనీస వేతనం 2009 నుంచి గంటకి 7.25 డాలర్ల దగ్గరే నిలబడి ఉంది, అది కూడా చూడండి. ఆ డబ్బుతో కారు కొనుక్కోవాలంటే వాడికి పెళ్ళీడు వస్తుంది.

లైసెన్సుల సంగతి మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు లెక్కగట్టారు. 16 ఏళ్ళ వాళ్ళలో లైసెన్సున్నవాళ్ళు 1983లో 46 శాతం, 2014లో 24.5. ఈ మెట్లుమెట్లుగా ఇచ్చే లైసెన్సు పద్ధతి 1996లో ఫ్లోరిడాలో మొదలై అన్ని రాష్ట్రాలకీ పాకింది. అదే యూనివర్సిటీ 1975 నుంచి ఏటా హైస్కూలు పిల్లల్ని ప్రశ్నలడుగుతోంది. అందులో డ్రైవింగూ, ఉద్యోగమే కాదు, డేటింగూ తగ్గింది, తాగడమూ తగ్గింది. మా పిల్లలు తాగట్లేదు, ఏం చెయ్యమంటారు అని మాత్రం ఎవరూ పోస్టు పెట్టరు.

ఇక నా సొంత సంగతి. మావాడికి 1997లో, పదహారు నిండిన మూడో నెలలో, నా క్యామ్రీ ఇచ్చాను. అప్పట్లో ఎంతమందిని ఎక్కించుకోవాలని ఎవరూ అడిగేవారు కాదు. వెనక ముగ్గురు, పక్కన ఒకడు, రేడియో హోరు. వాన పడుతోంది. ఫ్రీవే దిగే వంపులో కారు గోడకి రాసుకుని తిరగబడింది. రాత్రి ఒంటిగంటకి ఫోన్ మోగింది. దేవుడి దయవల్ల ఒకడి కాలర్‌బోన్ విరగడంతో సరిపోయింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి మావాడు వరండాలో ఒక్కడే, తడిసిన సాక్సులతో, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ బూట్లు ఎందుకు విప్పాడో ఈనాటికీ చెప్పలేడు. ఈ కొత్త నిబంధనలొచ్చాక పదహారేళ్ళ వాళ్ళ చావులు బాగా తగ్గాయి. కాబట్టి ఆ ఓక్లహామా పికప్ కథలు నేను మాత్రం ముచ్చటగా వినలేను.

అయినా ఆ ఆస్టిన్ కుర్రాడు చెప్పిన తాళం మాట మళ్ళీ చదవండి, ఫ్రిస్కో గారూ. నా మొదటి సలహా అయితే, ఆ సీట్లో మీ కాలు ఎక్కడుంటుందో చూసుకోండి.

ఫ్రిస్కో_నాన్న

పది రోజులయింది, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

ఆ కాలి సంగతి చదవగానే గరాజ్‌లోకి వెళ్ళి కారు పక్క సీటు తలుపు తీసి చూశాను. మ్యాట్ మీద కుడివైపు మడమ పడే చోట గుండ్రంగా వెలిసిపోయి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం రాత్రి వాణ్ణి పిలిచి, "నడుపు, నేను మాట్లాడను" అన్నాను. నమ్మలేదు. సీటు బెల్టు పెట్టుకుని, సీట్లోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, కాళ్ళు కిందపెట్టే వీల్లేకుండా. వాడు నావైపు చూశాడు, నా కాళ్ళవైపు చూశాడు, ఏమనుకున్నాడో స్టార్ట్ చేశాడు. తిన్నగా వెనక వీధికి పోనిచ్చి ఆ స్నేహితుడి ఇంటి ముందు ఆపాడు. ఆ పిల్లాడు వెనక ఎక్కాడు. ఎల్డొరాడో పార్క్‌వే మీద పడ్డాం. ఒకచోట పసుపు లైటుకి ఆగుతాడో, దూసుకెళ్తాడో తెలీక నా మోకాళ్ళు రెండూ పట్టుకున్నాను. ఆగాడు. కొంతదూరం పోయాక వెనకనుంచి వాడేదో అన్నాడు, మావాడు పడీపడీ నవ్వాడు. తలుపవతల నుంచి వినే ఆ నవ్వే, ఇంత దగ్గర్నుంచి విని ఎన్నేళ్ళయిందో. ఏం జోకో నాకు అర్థం కాలేదు, అడగలేదు. దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాను. దానికి ఇద్దరూ నవ్వారు.

యాప్ విషయంలో మా ఆవిడ ఒప్పుకోలేదు. లైసెన్సు వచ్చాక చూద్దామంది. ఆవిడ "చూద్దాం" కూడా ఆ కుటుంబానిదే.

లైఫ్‌గార్డు పని ఎందుకొద్దన్నావురా అని నిన్న మామూలుగా అడిగాను. "నువ్వు రోజూ సాయంత్రం పూల్ చుట్టూనే నడుస్తావు కదా నాన్నా" అన్నాడు. నాలుగు నిమిషాల దూరమని నేను మురిసిపోయింది దానికే. ఆరు మైళ్ళ అవతల సిటీ వాళ్ళ పూల్ ఒకటుంది, అక్కడైతేనో అన్నాను. వచ్చే ఏడాదికి చూద్దాం అన్నాడు.

ఈ "చూద్దాం" ఏ రకమో ఇంకా తెలీలేదు. ఫ్రిజ్ మీద కాగితంలో మాత్రం 14 గంటలయ్యాయి, అందులో 3 రాత్రివి. చివరి రెండు ఎంట్రీలు వాడే రాశాడు.